రెండు బడులు, ఒకే సూర్యుడు, పావుగంట తేడా: ఎనిమిదో తరగతిలో ఒక అన్వేషణ పాఠం

కర్ర నీడ కృత్యం మన సైన్సు పుస్తకాలకు కొత్త కాదు. తెలంగాణ ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రంలో నక్షత్రాలు, సౌరకుటుంబం పాఠం దానితోనే మొదలవుతుంది. ఎండలో నిటారుగా కర్ర పాతాలి, కొంతసేపటికోసారి నీడ కొలవాలి, అన్నిటికంటే పొట్టి నీడ పడిన వేళను స్థానిక మధ్యాహ్నంగా గుర్తించాలి. చక్కని కృత్యం. అయినా నేను చూసిన రికార్డుల్లో నూటికి తొంభై చోట్ల జవాబు ఒక్కటే: 12 గంటలు. కర్ర పాతిన వాళ్ళూ అదే రాస్తారు, పాతని వాళ్ళూ అదే రాస్తారు.

దీనికి పిల్లల బద్ధకాన్ని తిట్టడం సులువు. కానీ లెక్క వేసి చూస్తే తప్పు పరికరంలో ఉంది. హైదరాబాద్ ప్రాంతంలో నవంబరు మొదటి వారంలో ఒక మీటరు కర్రకు మిట్టమధ్యాహ్నం సుమారు 63 సెంటీమీటర్ల నీడ పడుతుంది. అంతకు పది నిమిషాల ముందు, పది నిమిషాల తర్వాత కూడా ఆ నీడ పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లకు మించి మారదు. కర్ర కొన నీడ అంచేమో మసకగా ఉంటుంది. పదమూడేళ్ళ పిల్ల స్కేలు పట్టుకుని ఆ రెండు మిల్లీమీటర్లను పట్టుకోవాలంటే ఎలా? 11:50 అయినా, 12:00 అయినా, 12:10 అయినా కొలత ఒకేలా వస్తుంది. కొలత తేల్చలేకపోతే పిల్లలు పుస్తకం వైపే చూస్తారు. వాళ్ళ స్థానంలో ఉంటే మనమూ అంతే.

నేను హైదరాబాద్‌కు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్సు చెబుతాను. శిక్షణ తరగతుల్లో పరిచయమైన ఒక మిత్రుడు కాకినాడ దగ్గర అదే సబ్జెక్టు చెబుతారు. ఒక విద్యా సంవత్సరంలో మా ఇద్దరి ఎనిమిదో తరగతి పిల్లలు కలిసి చేసిన పాఠం ఇది. పరికరం ఎలా మార్చాం, పిల్లలు రాసుకునే కాగితం ఎలా తయారుచేశాం, ఏది ఎప్పుడు చెప్పాలనుకున్నాం, ఏది చెప్పకుండా ఆపుకున్నాం అన్నది ఈ కథనం.

పరికరం

మొదట అందరి కళ్ళూ జెండా స్తంభం మీద పడతాయి. మైదానం నడుమ ఎప్పుడూ నిలబడే ఉంటుంది కదా అని. అది పనికిరాదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందువల్ల వస్తువు ఎంత ఎత్తుంటే దాని నీడ అంచు అంత మసకబారుతుంది. ఆరు మీటర్ల స్తంభం కొన నీడ ఆరేడు సెంటీమీటర్ల మేర అలికినట్టు కనిపిస్తుంది. పైగా అది నిజంగా నిటారుగా ఉందో లేదో ఎవరూ చూడలేదు.

మేం కర్ర నీడను వదిలేశాం. మూడు వెదురు కర్రలను పైన కలిపి కట్టి ముక్కాలి చేశాం. పైన ఒక అట్టముక్క, అట్ట మధ్యలో చిల్లు, చిల్లుకు అంటించిన ఇనుప వాషరు. అట్ట నీడ మధ్యలో వెలుగు చుక్క పడుతుంది. నిజానికి అది సూర్యుడి బొమ్మే. వాషరు నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటే చుక్క రూపాయి బిళ్ళ కంటే కొంచెం చిన్నగా ఉంటుంది. దాని నడిమి భాగాన్ని సుద్దతో గుర్తించడం పిల్లలకు కష్టం కాదు.

రెండో మార్పు ఇంకా ముఖ్యమైనది. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు ఉంటుంది కదా, దాన్ని వాషరు చిల్లులోంచి దారంతో వదిలి, అది నేల మీద చూపిన చోట చుక్క పెట్టాం. మా కొలతలన్నిటికీ కేంద్రం ఆ చుక్కే. ఇక కర్రలు వంకరగా ఉంటే ఏం, తిన్నగా ఉంటే ఏం? "నిటారుగా పాతండి" అన్న ఒక్క మాట చుట్టూ ప్రతి ఏడూ జరిగే గొడవంతా పోయింది. నేల మట్టంగా ఉండటం మాత్రం తప్పనిసరి. ప్రార్థన జరిగే సిమెంటు అరుగు మీద నీళ్ళు పోసి, ఎటూ పారని చోటు చూసుకున్నాం.

ఇక పొట్టి నీడ సంగతి. దాన్ని నేరుగా వెతకడం మానేశాం. కేంద్రం చుట్టూ 65, 70, 75, 80 సెంటీమీటర్ల దూరంలో తాడుతో వలయాలు గీశాం. పొద్దున వెలుగు చుక్క బయటి నుంచి లోపలికి వస్తూ ఒక్కో వలయాన్ని దాటుతుంది, మధ్యాహ్నం లోపలి నుంచి బయటికి పోతూ మళ్ళీ దాటుతుంది. రెండు వేళల నడిమి వేళే స్థానిక మధ్యాహ్నం. వలయం దాటే సమయంలో చుక్క దూరం నిమిషానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మారుతుంది కాబట్టి ఒక నిమిషం అటూఇటూగా వేళ పట్టుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం దొరకనిది గంట ముందు, గంట తర్వాత సులువుగా దొరుకుతుంది. ఇది మా తెలివి కాదు. శంకువు, అంటే నిటారుగా నాటిన కర్ర, చుట్టూ వలయం గీసి, ఉదయం, సాయంత్రం నీడ కొన తాకిన చోట్లను కలిపి తూర్పు పడమరలు తేల్చే పద్ధతి కాత్యాయన శుల్బసూత్రంలోనే ఉంది. యజ్ఞవేదికల కోసం చేసిన దాన్ని మేం గడియారం పక్కన పెట్టుకున్నాం, అంతే.

గడియారం కూడా పరికరమే. ఆఫీసు గదిలోని గోడ గడియారం ఎన్ని నిమిషాలు ముందుందో హెడ్మాస్టరు గారికి కూడా తెలియదు. ఒక చవక గడియారం ప్రత్యేకంగా పెట్టి, కొలిచే రోజు పొద్దున్నే ఫోను సమయంతో సరిచూశాం. ఖర్చు మొత్తం కలిపినా చెప్పుకోదగ్గది కాదు.

కాగితం

నిజం చెప్పాలంటే వెదురు ముక్కాలి కంటే ఎక్కువ ఆలోచన పెట్టించింది రికార్డు కాగితం. మన రికార్డుల్లో ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అనే వరస ఉంటుంది. ఫలితం ముందే తెలిసిన ప్రయోగానికి ఆ వరస బాగుంటుంది. తెలియని దాని కోసం వెతికే పిల్లకు అందులో చోటు లేదు.

మేం ఒక పేజీని నిలువుగా మూడు గళ్ళు చేశాం. మొదటి గడి కొలవకముందే నింపాలి: ఏం వస్తుందనుకుంటున్నావు, ఎందుకు? రెండోది కొలత. మూడో గడికి పెట్టిన పేరు "నా మాట తప్పయితే ఎలా తెలుస్తుంది?" పెన్నుతోనే రాయాలి, కొట్టేసినా పాత మాట కనిపించాలి. పాఠం మొత్తానికి ఆయువుపట్టు ఆ మూడో గడి అని నా నమ్మకం. పరికల్పన, అంటే ముందస్తు ఊహ, రాయమంటే పిల్లలు ఏదో ఒకటి రాస్తారు. అది తప్పని తేలే దారి రాయమంటే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఆ ఆగడమే కావాలి. మొదటి వారం చాలామంది ఆ గడిలో "సార్‌ను అడగాలి" అని రాశారు. ఆ జవాబును అంగీకరించకూడదని నేనూ, మిత్రుడూ ముందే మాట అనుకున్నాం.

టేపు, సుద్ద, గడియారం, పుస్తకం అనే నాలుగు పనులను రోజూ మార్చాం. మార్చకపోతే టేపు మగపిల్లల చేతిలో, పుస్తకం ఆడపిల్లల చేతిలో ఏడాదంతా ఉండిపోతుంది.

నవంబరు

మా బడిలో 70 సెంటీమీటర్ల వలయాన్ని చుక్క 11:06కు దాటి లోపలికి వచ్చింది, 12:53కు బయటికి పోయింది. రెండోది మధ్యాహ్న భోజనం మధ్యలో పడింది. ఇద్దరు పిల్లలు కంచాలు పట్టుకునే అరుగు దగ్గర కాపలా కాశారు. నడిమి వేళ 12 గంటలకు అర నిమిషం తక్కువ. 80 వలయంతోనూ అంతే. జట్ల మధ్య ఒకటి రెండు నిమిషాల తేడా తప్ప అందరికీ 12 వచ్చింది. పిల్లలు సంబరపడ్డారు. పుస్తకం చెప్పిందీ కొలతా ఒకటే అయ్యాయి. ఒక్క బడిలోనే చేసి ఉంటే పాఠం అక్కడితో ముగిసేది, పిల్లల మనసులో ఒక తప్పు అభిప్రాయం రుజువుతో సహా స్థిరపడేది.

కాకినాడ నుంచి వచ్చిన కాగితం మీద 11:45 ఉంది.

మా పిల్లల మొదటి తీర్పు: వాళ్ళ గడియారం తప్పు. అక్కడి పిల్లలు కూడా మా గురించి అదే అన్నారట. మూడో గడి ఇక్కడ పని చేయడం మొదలుపెట్టింది. గడియారం తప్పయితే ఎలా తెలుస్తుంది? ఇద్దరు టీచర్ల ఫోన్లు కలిపి, స్పీకరులో అటూ ఇటూ వేళ చదివించారు. గడియారాలు కలిశాయి. తర్వాతి అనుమానం, వాళ్ళ ముక్కాలి వంకరగా ఉంది. దీన్ని తేల్చడానికి మా పిల్లలు మా ముక్కాలినే కావాలని ఒక పక్కకు వంచారు. గుండు మళ్ళీ వదిలి కొత్త కేంద్రం నుంచి కొలిస్తే జవాబు మారలేదు. గుండు వదలకుండా పాత కేంద్రం నుంచి కొలిచిన జట్టుకు మాత్రం కొన్ని నిమిషాలు జరిగింది. ఏ పొరపాటు ఎంత తేడా తెస్తుందో తామే పరికరం చెడగొట్టి చూసుకోవడం నేను పథకంలో రాసుకోనిది. ఇప్పుడు రాసుకున్నాను. సముద్రం పక్కన ఉండటం వల్ల అని ఒకరు రాశారు. మూడో గడిలో "సముద్రం లేని తూర్పు ఊరిలో చూడాలి" అని కూడా రాశారు. పూర్తి మార్కులు ఇచ్చాను.

సూర్యుడు తూర్పున ముందు పొడుస్తాడు కాబట్టి అక్కడ మధ్యాహ్నం కూడా ముందే అన్న మాట చివరికి నిలబడింది. సోషల్ టీచరు గారి అట్లాసు తెచ్చారు. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, కాకినాడ సుమారు 82.25. డిగ్రీకి నాలుగు నిమిషాలు. గుణిస్తే 15 నిమిషాలు. చప్పట్లు.

చప్పట్లు ఆగకముందే అట్లాసు పట్టుకున్న అమ్మాయి అడిగింది: "సార్, 82న్నర డిగ్రీల గీత కాకినాడ పక్క నుంచే పోతోంది కదా. మన దేశం గడియారమంతా ఆ గీత ప్రకారమే అని సోషల్ పుస్తకంలో ఉంది. అంటే 12 గంటలు వాళ్ళకు రావాలి. మనకెందుకు వచ్చింది?"

ఈ పాఠం అల్లినదంతా ఆ ప్రశ్న కోసమే. నవంబరు మొదటి వారాన్ని ఎంచుకున్నదీ అందుకే. ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కంటే సుమారు 16 నిమిషాలు ముందుంటాడు. హైదరాబాద్ ఆ గీతకు పడమరగా ఉండటం వల్ల 16 నిమిషాలు వెనకపడుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాకు సరిగ్గా 12 చూపిస్తాయి. అది కాకతాళీయం. పిల్లలకు అది ప్రకృతి నియమంలా కనిపిస్తుంది. కాకినాడ కొలత లేకపోతే దాన్ని ఎవరూ అనుమానించరు.

జవాబు నా నోటి దాకా వచ్చింది. ప్రశ్నను చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించి, "తెలియాలంటే నెలకోసారి కొలుద్దాం" అని మాత్రం అన్నాను. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి, పిల్లలను మూడు నెలలు అయోమయంలో ఉంచడం న్యాయమా అన్నారు. సందేహం గౌరవించదగ్గదే. కానీ అయోమయం వేరు, ఏం కొలిస్తే తేలుతుందో తెలిసిన ప్రశ్న వేరు. రెండోదాన్ని పిల్లలు హాయిగా మోస్తారు.

ఫిబ్రవరి

డిసెంబరు మొదట్లో మా నడిమి వేళ 12:05కు జరిగింది. నీడ పొడవు పెరుగుతూ డిసెంబరు నెలాఖరుకు 86 సెంటీమీటర్లకు చేరింది కాబట్టి వలయాలు కొత్తగా గీయాల్సి వచ్చింది. సంక్రాంతి సెలవుల తర్వాత వేళ 12:26. "చలికాలం కదా, అందుకే" అన్న మాట ఈ దశలో గట్టిగా వినిపించింది. చలి ఎక్కువైన కొద్దీ మధ్యాహ్నం ఆలస్యమవుతోందని పిల్లల వాదన. వినడానికి బాగానే ఉంది.

ఫిబ్రవరి రెండో వారం మొదట్లో నీడ మళ్ళీ 63 సెంటీమీటర్లకు వచ్చింది. నవంబరులో గీసిన వలయాలే పనికొచ్చాయి. చుక్క 70 వలయాన్ని 11:37కు దాటింది, 1:23కు మళ్ళీ దాటింది. నడిమి వేళ 12:30.

నేనేమీ అనలేదు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టమన్నాను. రెండు దాటడాల మధ్య వ్యవధి నవంబరులో 107 నిమిషాలు, ఇప్పుడు 106. నీడ పొడవు అదే, చుక్క నడిచిన దారి అదే, దారి నడవడానికి పట్టిన సమయం అదే. మొత్తం మాత్రం అరగంట పక్కకు జరిగింది. చలికాలం వాదన అక్కడ పడిపోయింది. సూర్యుడి ఎత్తు రెండు సార్లూ ఒకటే అయినప్పుడు ఎత్తు కారణం కాలేదు. దీన్ని ఒక కుర్రాడు తన కాగితంలో ఇలా రాశాడు: "సూర్యుడు అదే రోడ్డు మీద పోతున్నాడు. టైమే మారింది." కాకినాడలో అదే వారం 12:15 వచ్చింది. అంటే వేళలు జరుగుతున్నాయి, మా మధ్య పావుగంట మాత్రం కదలలేదు. ఊరి వల్ల వచ్చే తేడా స్థిరం, రోజుల వల్ల వచ్చే తేడా చలం. చలరాశులను వేరుచేయడం అన్న పాఠాన్ని ఇంతకంటే శుభ్రంగా చెప్పే సందర్భం నాకు ఎదురుకాలేదు.

పంచాంగం సంగతి పిల్లలే కనిపెట్టారు. క్యాలెండర్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు ఉంటాయి. వాటి నడిమి వేళ కూడా స్థానిక మధ్యాహ్నమే కావాలి కదా అని ఒక జట్టు లెక్కలు కట్టింది. ఫిబ్రవరి పేజీలో హైదరాబాద్‌కు ఉదయం 6:45, సాయంత్రం 6:16. నడిమి వేళ 12:30. మరో పిల్లవాడు తాతగారి పంచాంగం తెచ్చాడు. అందులో అదే లెక్క 12:22 ఇచ్చింది. పంచాంగం తప్పని తీర్మానించబోయారు. ఎవరో అట్ట తిప్పి చూస్తే అది విజయవాడకు గణించినది. 8 నిమిషాలంటే రెండు డిగ్రీలు. అట్లాసులో విజయవాడ సరిగ్గా అక్కడే ఉంది. తర్వాత ఆ జట్టు హైదరాబాద్ క్యాలెండర్ నుంచి పన్నెండు నెలల నడిమి వేళలు తీసి గ్రాఫు గీసింది. వానాకాలం మబ్బుల వల్ల మేం కొలవలేని జూన్ నుంచి సెప్టెంబరు దాకా కూడా ఆ గీతలో పూర్తయింది. రెండు ఎత్తులు, రెండు పల్లాలు. ఒక ఎత్తు, ఒక పల్లం వస్తాయనుకున్న వాళ్ళంతా మూడో గడికి వెళ్ళాల్సి వచ్చింది.

కారణం ఎంతవరకు చెప్పాలి? ఇక్కడ నేనూ, మిత్రుడూ ఏకీభవించలేదు. భూమి సూర్యుడి చుట్టూ సమాన వేగంతో తిరగదు, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది. భూమి అక్షం కూడా 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండింటి ప్రభావాలు కలిసి ఆ గీత వస్తుంది. మొదటి కారణాన్ని పిల్లలు ఊహించగలరు. అక్షం వాలు ఏడాదికి రెండు ఎత్తులు, రెండు పల్లాలు ఎలా తెస్తుందో ఎనిమిదో తరగతిలో చెప్పబోతే పదాలే మిగులుతాయి. మిత్రుడు గ్లోబుతో ప్రయత్నించారు. నేను రెండు కారణాలను ఒక చదువు కార్డు మీద నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చి, "ఇది మనం తేల్చింది కాదు, ఇతరులు తేల్చింది" అని పైన రాశాను. తాము కొలిచి తెలుసుకున్నదేదో, నమ్మి తీసుకున్నదేదో పిల్లలకు విడిగా తెలియాలన్నది నా పట్టుదల. అదే కార్డు వెనక గడియారం చరిత్ర పెట్టాం. మన దేశంలో 82.5 డిగ్రీల సమయం 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రైళ్ళు మద్రాసు సమయం పాటించేవి, అది ఇప్పటి సమయానికి సుమారు 9 నిమిషాలు వెనక. 12 గంటలు అనేది సూర్యుడు చెప్పింది కాదని, మనుషులు కూర్చుని ఒప్పుకున్నదని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

మార్కులు

పరీక్ష మారకుండా పాఠం మారదు. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి పదహారు బడుల్లో మొదలుపెట్టిన సైన్సు బోధన కార్యక్రమం దీన్ని బాగా గుర్తించింది. చుట్టుపక్కల దొరికే వస్తువులతో కిట్లు, ప్రయోగాల చుట్టూ పుస్తకాలు ఒక ఎత్తు. పుస్తకం తెరిచి రాసే పరీక్ష, చేతులతో చేసి చూపే పరీక్ష ఇంకో ఎత్తు. తర్వాత ఏకలవ్య సంస్థ నడిపిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది కానీ, ఆ పట్టు నేర్చుకోదగ్గది.

మాకు అంత స్వేచ్ఛ లేదు. ఉన్న చట్రంలోనే చోటు వెతికాం. మన విద్యా ప్రమాణాల్లో ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఒకటి, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు ఇంకొకటి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. మూడు గళ్ళ కాగితాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాం. సరైన జవాబుకు మార్కులు లేవు, మూడో గడికి ఉన్నాయి. కొట్టేసి మళ్ళీ రాసిన చోట కారణం చెబితే అదనంగా ఇచ్చాం. తల్లిదండ్రుల సమావేశంలో ఇది వివరించడానికి కొంచెం సమయం పట్టింది.

రాత పరీక్షలో పుస్తకం తెరిచి రాయమని ఒక ప్రశ్న ఇచ్చాం: ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఊరిలో స్థానిక మధ్యాహ్నం 12:22. అదే రోజు కాకినాడలో 12:15. ఆ ఊరు కాకినాడకు ఏ వైపు, ఎన్ని డిగ్రీల దూరంలో ఉండవచ్చు? జనవరిలో కొలిచి ఉంటే నీ జవాబు మారేదా? మొదటి సగం లెక్క వచ్చిన వాళ్ళు చేశారు. రెండో సగం పాఠం అర్థమైన వాళ్ళు చేశారు. ఎప్పుడూ తక్కువ మార్కులతో సరిపెట్టుకునే కొందరు రెండో సగం సరిగ్గా రాసి, మొదటి సగంలో లెక్క తప్పారు. కూర్చుని దిద్దినప్పుడు ఆ పిల్లల గురించి నా అంచనాలు కొన్ని మార్చుకున్నాను.

ఈ పాఠం ఎవరైనా ఎత్తుకోవాలనుకుంటే రెండు మాటలు. రెండు బడుల మధ్య కనీసం రెండు డిగ్రీల రేఖాంశం ఉండాలి, లేకపోతే తేడా కొలత పొరపాట్లలో కలిసిపోతుంది. పశ్చిమ తెలంగాణ బడి ఒకటి, కోస్తా బడి ఒకటి అయితే బాగుంటుంది. ఇక విద్యా సంవత్సరం మధ్యలో మొదలుపెట్టాలి. జూన్‌లో మొదలుపెడితే మబ్బులు వచ్చి పిల్లల ఉత్సాహం చల్లారుతుంది. నీడే పడని రోజు హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి వస్తుంది. మొదటిది సెలవుల్లో, రెండోది వానల్లో. దాన్ని పాఠానికి కేంద్రం చేసుకోవద్దని నా సలహా.

వచ్చే ఏటికి మూడో బడి కావాలి. పిల్లలు అట్లాసు చూసి ఇచ్ఛాపురం పేరు చెప్పారు, 84.7 డిగ్రీలు. 82.5 గీతకు అవతలి వైపు ఉంది కాబట్టి నవంబరు మొదటి వారంలో అక్కడ మధ్యాహ్నం 11:35కే రావాలని లెక్క కట్టి కాగితం మొదటి గడి నింపి పెట్టారు. మూడో గడిలో, 11:40 దాటితే మళ్ళీ గడియారాలతో మొదలుపెడతాం అని ఉంది. అక్కడి ఒక టీచరు గారితో మాట్లాడుతున్నాం. వలయాల కొలతలు, కార్డు నకలు పంపించాం.